తప్పు లేని వాక్యం

డోరీన్ టర్నేజ్ కాఫీ కలుపుకుంది, ఒక్క కప్పే. బల్లకు ఇవతల కూర్చున్న డిటెక్టివ్ వాల్ట్ సిమ్కో కళ్ల ముందే ఊదుకుంటూ తాగింది. పోలీసు ఉద్యోగంలో అతను ఇంతకంటే ఘోరమైన మర్యాదలే చూశాడు. ఒకావిడ సలసల కాగే నూనె విసిరింది. ఈవిడ కాఫీ ఇవ్వకపోవడంతో సరిపెట్టింది, నయమే.

"అరెస్టు చెయ్యడానికొచ్చారా, అడగడానికొచ్చారా?" అంది. "అరెస్టుకైతే కోటు తెచ్చుకుంటా. అడగడానికైతే నిన్న మీవాళ్లు ఇద్దరు అడిగి పోయారు. వెళ్లి వాళ్లని అడగండి."

"మధ్యాహ్నానికి జడ్జి సంతకం పెడతాడు. అప్పటిదాకా అడగడమే," అన్నాడు సిమ్కో.

మొన్న పొద్దున ఈ ఇంటి బేస్‌మెంట్‌లో, మెట్ల కింద, ఇయన్ పాస్క్ అనే కుర్ర ఇంజనీరు చచ్చి పడివున్నాడు. ఆ సమయానికి తను ఇంట్లో లేనంటుంది డోరీన్. తమ్ముడి మందులకు వెళ్లానని, షాపు ఇంకా తెరవకపోతే కారులోనే కూర్చుని చూసి చూసి వెనక్కి వచ్చానని చెబుతుంది. ఆమెను చూసినవాడు లేడు. నమ్మాలంటే నమ్మొచ్చు, కానీ నమ్మనివ్వని సాక్షి ఒకడున్నాడు. వాడు స్వయానా ఆమె తమ్ముడు.

గ్లెన్ టర్నేజ్ ఒకప్పుడు రోడ్డు మీద ఆగిపోయిన కార్లను లాక్కెళ్లే ట్రక్కు నడిపేవాడు. ఏడేళ్ల కిందట నరాల రోగం పట్టుకుంది. ముందు వేళ్లు, తర్వాత కాళ్లు, తర్వాత నాలుక, చివరికి ఊపిరి కూడా తీసుకుపోయింది. ఇప్పుడు ముందుగదిలో చక్రాల కుర్చీలో ఉంటాడు. గొంతులో గొట్టం, పక్కన ఊపిరి పోసే యంత్రం. రెండేళ్ల కిందట హార్క్‌వెల్ అనే కంపెనీ అతని పుర్రె తెరిచి మెదడు మీద గోరంత కూడా లేని పలకలు నాలుగు పెట్టింది. ఏదైనా మాట అనబోతే చాలు, నోరు కదలకపోయినా మెదడు ఇచ్చే ఆజ్ఞను ఆ పలకలు పట్టుకుంటాయి. తోపుడు బండి మీదున్న మెషీన్ దాన్ని మాటలుగా మార్చి స్క్రీన్ మీద చూపిస్తుంది, పైకి పలుకుతుంది. పలికేది గ్లెన్ పాత గొంతుతోనే. ఇంట్లో దొరికిన పాత పుట్టినరోజుల వీడియోల్లోంచి ఆ గొంతు తీశారు. ఆ మెషీన్ చూసుకోవడానికి కంపెనీ రోజూ పంపే మనిషే పాస్క్.

మొన్న ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేస్తే వచ్చిన గస్తీ పోలీసు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆ గొంతే అంది: "మా అక్క ఇయన్‌ని మెట్ల మీంచి తోసేసింది. నేను విన్నాను." గస్తీవాడి ఛాతీ మీది కెమెరాలో అది స్పష్టంగా పడింది.

డోరీన్ జైలుకు వెళితే గ్లెన్ కౌంటీ ప్రభుత్వం నడిపే ఆశ్రమానికి వెళతాడు. అక్కడ వార్డుకు ఒక ఆయా ఉంటుంది, మెషీన్ ఉండదు. గోడకేసి తిప్పి పడుకోబెడితే గోడనే చూస్తూ పోతాడు. ఈ సంగతి జడ్జికీ తెలుసు, కంపెనీకీ తెలుసు. డోరీన్‌కు అందరికంటే బాగా తెలుసు. అందుకే ఆమె ఏడవడం లేదు, కరుస్తోంది.

పాస్క్‌తో ఆమె గొడవపడిందని పక్కింటివాళ్లు చెప్పారు. నిజమేనా అని సిమ్కో అడిగాడు.

"రోజూ పడ్డాను. బూట్ల గురించి. ఊపిరితిత్తులు పాడైన మనిషి ఉన్న ఇల్లిది. వీధిలో మంచు కరగడానికి చల్లిన ఉప్పూ బురదా లోపలికి తేవడానికి వీల్లేదు. గుమ్మం దగ్గర పట్టా మీద విప్పి, ఇంట్లో వేసుకునే చెప్పులు తొడుక్కున్నాకే లోపలికి రావాలి. మొదట్లో మరిచిపోయేవాడు, అరిచాను. తర్వాత సంచిలో చెప్పులు తెచ్చుకోవడం నేర్చుకున్నాడు. అందుకు చంపానని రాసుకోండి."

సిమ్కో తన పాదాల వైపు చూసుకున్నాడు. వచ్చీరాగానే అతని బూట్లూ విప్పించింది. మేజోడులోంచి బొటనవేలు తొంగి చూస్తోంది.

ఇంకేమైనా ఉందా అని అడిగితే ఒకటుందంది. పోయిన వారం పాస్క్ వెళ్తూ వెళ్తూ, కంపెనీ గురించి మీకో సంగతి చెప్పాలి, చెప్పాక నన్ను ఈ ఇంటికి రానివ్వరేమో అన్నాడట. రానివ్వనిది ఎవరని అడిగితే చెప్పలేదట.

సిమ్కో లేచి బేస్‌మెంట్ తలుపు దగ్గరికి వెళ్లాడు. వంటింటికీ ముందుగదికీ మధ్య, నడవలో ఉంది. పైన, మనిషి తల కంటే ఎత్తులో గొళ్లెం. గ్లెన్ కుర్చీ ఈ దారినే పోవాలి, చక్రం జారి లోపలికి పోతే అంతే, అందుకని అది ఎప్పుడూ బిగించే ఉంటుందని డోరీన్ వంటింట్లోంచే చెప్పింది. అంటే పాస్క్ పొరపాటున తలుపు తోసి పడిపోయే ఆస్కారం లేదు. ఎవరో చెయ్యెత్తి తీశారు.

మెట్లు దిగి కింద నిలబడి ఫోన్‌లో శవం ఫోటోలు ముందు పెట్టుకున్నాడు. పాస్క్ వెల్లకిలా ఉన్నాడు. కోటు బొత్తాలు మెడదాకా పెట్టే ఉన్నాయి. కాళ్లకు బూట్లు. అంచుల వెంట ఉప్పు తెల్లగా ఎండింది. నాలుగో మెట్టు మీద అదే ఉప్పు గీత, మడమ జారిన చోట. ఇంకో ఫోటోలో అతని సంచి గుమ్మం దగ్గర పట్టా మీదే ఉంది. అందులో చెప్పులున్నాయి, మడిచిన ప్లాస్టిక్ కవరులో, పొడిగా.

పొద్దున శవపరీక్ష డాక్టరు ఫోన్ చేసి ఇంకో సంగతి కూడా చెప్పింది. మెడ విరగలేదు. తలలోపల నెత్తురు కారింది, మెల్లగా. పడ్డాక అరగంటో, ఇంకా ఎక్కువో బతికే ఉన్నాడు. సిమ్కో ఆ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో చెబితే సాయంత్రానికి టీవీలో వస్తుంది.

పైన తలుపు ధడాలున తెరుచుకుంది. బరువైన అడుగులు ముందుగదిలోకి నడిచాయి. డోరీన్ "బూట్లు" అంటూ అరిచింది. అడుగులు ఆగలేదు.

సిమ్కో పైకి వచ్చి చూస్తే బ్రెంట్ లోమాక్స్. హార్క్‌వెల్ కంపెనీకి భద్రతాధికారి. ఒకప్పుడు సిమ్కో కిందే పోలీసు పని నేర్చుకున్నాడు. నేర్చుకున్న మొదటి పని, విచారణ సంఘం ముందు గురువు మీదే సాక్ష్యం చెప్పి అతని కుర్చీలో కూర్చోవడం. కుర్చీ చిన్నదనిపించాక కంపెనీకి వెళ్లిపోయాడు. మెత్తటి కోటు, మెరిసే బూట్లు, వెనక రెండు ఖాళీ పెట్టెలు.

"గురువుగారూ," అన్నాడు నవ్వుతూ. "మీ మేజోళ్లకి చందాలు పోగుచెయ్యమంటారా?"

"పెట్టెలెందుకు?"

"మెషీన్ తీసుకుపోవడానికి. కంపెనీ సొత్తు. సాక్ష్యం ఎలాగూ కెమెరాలో ఉంది."

మెషీన్‌కు పోలీసులు చుట్టిన పసుపు టేపు మీద సిమ్కో చెయ్యి వేశాడు. మొన్నటినుంచీ దాన్ని ఎవరూ తెరవలేదు. సాక్ష్యం చెడిపోతుందని తెరవనివ్వనిదీ లోమాక్సే. అప్పటినుంచీ గ్లెన్ ఒక్క మాట మాట్లాడలేదు.

"అది ముట్టుకోకు, వాల్ట్. సొత్తు మాదని చెప్పాను."

"ఆ తల ఎవడి సొత్తు?"

"తల అతనిది. అందులో ఉన్నది మాది. ఒప్పుకునే సంతకం పెట్టాడు."

"చేతులు పడిపోయినవాడు సంతకం ఎలా పెట్టాడు?"

"అక్క పెట్టింది. ఇప్పుడు జైలుకెళ్లబోతోందే, ఆ అక్క."

సిమ్కో గ్లెన్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మెషీన్ రాకముందు అవునంటే కళ్లు పైకెత్తేవాడట, కాదంటే దించేవాడట. ఈ మధ్య ఆ కండరాలూ మొరాయిస్తున్నాయి. మెషీన్ తెరవమంటావా అని అడిగితే రెప్పలు రెండూ వణికాయి. కనుగుడ్లు ఎటో సగం తిరిగి ఆగిపోయాయి.

"అది అవునా, తుమ్మా?" అన్నాడు లోమాక్స్.

సిమ్కో జేబులోంచి చాకు తీసి టేపు కోశాడు. జడ్జి దగ్గర కాగితం తెచ్చుకొమ్మని లోమాక్స్, తెస్తాను, నువ్వు ఈలోపు పెట్టెలో కూర్చో అని సిమ్కో. ఫిర్యాదు చేస్తానన్నాడు లోమాక్స్. ఇదివరకు చేసిన అలవాటు ఉందిగా, చెయ్యమన్నాడు సిమ్కో. డోరీన్ ఈ గొడవంతా పట్టించుకోకుండా వచ్చి తమ్ముడి నడినెత్తిన ఉన్న ఇనప బొడిపెకు తీగ తగిలించి మీట నొక్కింది. స్క్రీన్ వెలిగింది.

"గ్లెన్, నేనెవరో తెలుసా?" అని అడిగాడు సిమ్కో.

బీరు తాగుతూ పక్కవాడి వీపు చరిచే మనిషి గొంతు ఒకటి గదంతా నిండింది.

"అరటి గోడకి సోమవారం తడి బస్సు కాదు."

లోమాక్స్ ఫక్కున నవ్వాడు. "చూశావా? రోగం బుర్రకెక్కింది. పాపం, మొన్నటిదే చివరి తెలివైన మాట. జడ్జికి ఆ ఒక్కటి చాలు."

డోరీన్ నోరు తెరిచింది. సిమ్కో చెయ్యెత్తి ఆపాడు. ఆ చెయ్యి దించకుండానే లోమాక్స్ వైపు తిరిగాడు.

"ఈ మెషీన్ పని చెయ్యడం నువ్వెన్నిసార్లు చూశావు, బ్రెంట్?"

"లెక్కలేదు. పెట్టుబడివాళ్లనీ టీవీవాళ్లనీ ఇక్కడికి తెచ్చేది నేనే."

"పొద్దున్నేనా?"

"భోజనాలయ్యాక. వాళ్లు పొద్దున్నే లేచే రకం కాదు. ఏం?"

"అప్పుడెప్పుడైనా ఇలా వాగిందా?"

"ఒక్కసారి కూడా లేదు. అద్దంలా వస్తుంది. ఒక్క తప్పు ఉండదు."

"ఒక్క తప్పు కూడానా?" అంది డోరీన్, ఉండబట్టలేక. "సర్దాక కూడా అప్పుడప్పుడూ తప్పు వస్తుంది. ఇప్పుడసలు సర్దలేదుగా."

సర్దడమేమిటో చెప్పమన్నాడు సిమ్కో. ఆమె విసుగ్గా చెప్పింది. తెల్లారేసరికి తలలో పలకలు పట్టుకునే సంకేతాలు కొంచెం జరిగిపోతాయి. నిన్నటి మెషీన్ ఇవాళ్టి తలకి అతకదు. అందుకని పొద్దున్నే స్క్రీన్ మీద వరసగా వాక్యాలు వస్తాయి, గ్లెన్ వాటినే అనడానికి ప్రయత్నిస్తాడు, మెషీన్ మళ్లీ నేర్చుకుంటుంది. అరగంట పని. అంతదాకా ఈ అరటి గోడలూ తడి బస్సులే. పాస్క్ రోజూ వచ్చేది దానికే. ఆ పిచ్చి వాక్యాలకు ముగ్గురూ నవ్వుకునేవాళ్లు.

లోమాక్స్ నవ్వు మూతి మీదే ఉంది, కళ్లలోంచి దిగిపోయింది.

"పాస్క్ కోటు విప్పలేదు," అన్నాడు సిమ్కో. "బూట్లు విప్పలేదు. చెప్పులు సంచిలోంచి బయటికే రాలేదు. అంటే గుమ్మం దాటిన కాసేపటికే మెట్ల మీంచి పడ్డాడు. సర్దడం కాలేదు. మరి మొన్న గస్తీవాడు విన్న వాక్యం అంత శుభ్రంగా ఎలా వచ్చింది?"

"అక్క సర్ది ఉండొచ్చు."

"తన మీద తమ్ముడు సాక్ష్యం చెప్పడానికి వీలుగా. ఓపిగ్గా కూర్చుని, అరగంట."

సిమ్కో బండి కింది అర బయటికి లాగాడు. అందులో ఒక పాత కీబోర్డు ఉంది. స్పీకరు పలుకుతోందో లేదో చూసుకోవడానికి ఇంజనీర్లు వాడేదని డోరీన్ అంది. సిమ్కో రెండు వేళ్లతో, వెతుక్కుంటూ ఒక్కో అక్షరం నొక్కాడు. గ్లెన్ గొంతు హుషారుగా పలికింది: "బ్రెంట్ లోమాక్స్ పెద్ద దొంగ."

గ్లెన్ కళ్లు గట్టిగా మూసుకున్నాయి. డోరీన్ వచ్చి సిమ్కో చేతి మీద కొట్టింది, చిన్నపిల్లాణ్ని కొట్టినట్టు.

"వాడి గొంతుతో ఇంకోసారి ఆ పని చెయ్యకండి."

సిమ్కో గ్లెన్ వైపు చూసి తప్పయిందన్నాడు. అతను ఆ మాట అనడం చాలా అరుదు, లోమాక్స్‌కు తెలుసు.

"పొద్దుటి సంగతి తెలిసినవాడెవడూ అలాంటి వాక్యం పెట్టడు," అన్నాడు సిమ్కో. "కీబోర్డు సంగతి తెలిసి, పొద్దుటి సంగతి తెలియనివాడే పెడతాడు. ఎప్పుడూ భోజనాలయ్యాక వచ్చేవాడు."

"కథ బాగుంది," అన్నాడు లోమాక్స్. "నేను వచ్చింది గస్తీవాడి తర్వాత."

"గ్లెన్‌నే అడుగుదాం. డోరీన్ గారూ, సర్దండి."

నిందితురాలు సాక్షి బుర్రని సర్దడమా అని లోమాక్స్ ఎగిరాడు. నీకు వస్తే నువ్వు సర్దు, లేకపోతే చూస్తూ కూర్చో, వెళ్లాలనుంటే వెళ్లు, ఎందుకు వెళ్లావో నేను రాసుకుంటా అన్నాడు సిమ్కో. లోమాక్స్ వెళ్లలేదు. కుర్చీ లాక్కుని గ్లెన్ పక్కనే కూర్చున్నాడు.

అరగంట. స్క్రీన్ మీద 'నాకు మంచినీళ్లు కావాలి' అని వస్తే ఆ గొంతు 'నాకు మంచం గుర్రాలు' అంది. 'ఇవాళ వాన రావచ్చు' అని వస్తే 'ఇవాళ వాన తినొచ్చు' అంది. డోరీన్ ఒక్కోదానికీ తల ఊపుతూ మీట నొక్కుతూ పోయింది. మెల్లమెల్లగా గుర్రాలు పోయి నీళ్లొచ్చాయి. గ్లెన్ నుదుటి మీద చెమట పట్టింది. వేలు కూడా కదలని మనిషికి చెమట పట్టడం సిమ్కో మొదటిసారి చూశాడు.

"అయింది," అంది డోరీన్.

సిమ్కో ఇంకా ఏమీ అడగలేదు. గ్లెన్ గొంతు మొదలుపెట్టేసింది.

"మా అక్క ఇంట్లో లేదు. లోమాక్స్ ఉన్నాడు. నీ ఫోను ఇటివ్వు అన్నాడు. ఇయన్ ఇవ్వనన్నాడు. గొళ్లెం తీసిన చప్పుడు. తర్వాత మెట్లు."

ఊపిరి యంత్రం రెండుసార్లు బుస కొట్టింది.

"ఇయన్ వెంటనే చావలేదు. కింద మూలుగుతూ ఉన్నాడు. వీడు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఆ మూలుగు ఆగేదాకా కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి నా మూతి తుడిచాడు."

డోరీన్ గోడ పట్టుకుంది.

"ఆగాక తీగ తగిలించి టైపు చేశాడు. పోలీసు కారు ఆగగానే మీట నొక్కి వెనక తలుపు నుంచి పోయాడు. నా గొంతుతో మా అక్క మీద చెప్పాడు. నేను లోపల అరుస్తూనే ఉన్నాను. మంచు."

చివరిది తప్పుగా వచ్చిన మాట. దాన్ని ఎవరూ సరిచెయ్యలేదు.

లోమాక్స్ కాలు మీద కాలు వేసుకున్నాడు. గొంతు పెంచలేదు.

"కోర్టులో చదువు, వాల్ట్. నా లాయరు నిన్ను రెండే ప్రశ్నలడుగుతాడు. ఆ గొంతుతో ఎవడైనా ఏదైనా చెప్పించొచ్చని చూపించిందెవరు? నువ్వు. మెషీన్ సర్దిందెవరు? నిందితురాలు. ఇంక ఇంటికెళ్లి మేజోళ్లు కుట్టుకో."

"వెంటనే చావలేదన్న సంగతి డాక్టరు నాకొక్కడికే చెప్పింది."

"మరింకేం. తెలిసినవాడివి నువ్వే కాబట్టి నువ్వే నొక్కావంటారు."

సిమ్కో కీబోర్డు వైపు చూశాడు. నిజమే. డోరీన్‌ను బయటపడెయ్యడానికి చూపించిన తెలివే ఇప్పుడు గ్లెన్ నోరు నొక్కేస్తోంది. రెండు రోజుల తర్వాత ఈ మనిషి తన నోటితో తను నిజం చెప్పాడు. ఆ నిజానికి విలువ లేకుండా చేసింది సిమ్కో రెండు వేళ్లు.

"కీబోర్డు తీసెయ్," అంది గ్లెన్ గొంతు.

సిమ్కో దాని తీగ పీకాడు. నడవలో పారేద్దామని గుమ్మం దాకా నడిచాడు.

"డబ్బున్నవాళ్లు వచ్చినప్పుడల్లా నా నోట వీళ్ల మాటలు పలికించారు. మెషీన్ పట్టుకుపోతారని భయపడి నేను ఊరుకున్నాను. ఇయన్ ఊరుకోలేదు. అంతా ఫోన్‌లో వీడియో తీశాడు. మొన్న లోమాక్స్ కారు ఆగడం కిటికీలోంచి చూసి, ఫోను దాచాడు."

లోమాక్స్ కాలు మీది కాలు దించాడు.

"ఇది పోలీసుకి తెలియదు. అక్కకి తెలియదు. నొక్కి చెప్పించడానికి ఎవడికీ తెలియదు. వీడు ఇల్లంతా వెతికాడు. సొరుగులు, పొయ్యి వెనక, ఇయన్ జేబులు. నన్ను మాత్రం కదపలేదు. నన్నెవడూ కదపడు."

"ఎక్కడుంది?" అన్నాడు సిమ్కో.

"నేను దాని మీదే కూర్చున్నాను. దిండు గలీబులో."

డోరీన్ గోడ దగ్గర ఉంది. సిమ్కో గుమ్మంలో, రెండు చేతుల్లోనూ కీబోర్డుతో ఉన్నాడు. చక్రాల కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో లోమాక్స్ ఉన్నాడు. అతని ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచి గ్లెన్ గొంతులోని గొట్టం చుట్టూ, ఎంతో జాగ్రత్తగా, బిగుసుకుంది.